మీకు తెలుసా? దుఃఖానికి ఏడాది గడువు

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో తన రోగ నిర్ధారణ గ్రంథాన్ని సవరిస్తూ ‘దీర్ఘకాలిక శోక రుగ్మత’ను అందులో చేర్చింది. పెద్దవాళ్ల విషయంలో ఆప్తులు పోయి కనీసం 12 నెలలు గడిస్తే గానీ ఆ పేరు పెట్టకూడదని నియమం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క 6 నెలలు. అయితే ఆ మనిషి పుట్టి పెరిగిన సమాజపు ఆచారాన్ని మించి శోకం సాగుతోందా అన్నది కూడా చూడమంటుంది.

నెలనెలా మాసికాలు పెట్టి సంవత్సరీకం దాకా వెళ్లే మన ఇళ్లలో గడువూ ఏడాదే. ఆ ఏడు పండగ చేయకపోతే ఎవరూ తప్పుపట్టరు. చుట్టాలు నిద్రకు తీసుకెళ్తారు. పోయినవాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుని ఏడవడానికి అక్కడ చోటుంటుంది. భర్త పోయిన స్త్రీల పట్ల పాటించిన ఆచారాలు మాత్రం క్రూరమైనవి, వాటిని వదిలించుకోవాల్సిందే. కానీ ఏడాది పాటు మనిషిని తొందరపెట్టకూడదన్న ఇంగితం ఉందే, అది పోగొట్టుకోకూడదు. పదకొండో రోజు దాటగానే ‘ఇంక తేరుకో’ అనడం ఈమధ్య మరీ ఎక్కువైంది.

అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌కు 1862 అలాంటి దుఃఖపు ఏడాది. దేశంలో అంతర్యుద్ధం. ఫిబ్రవరి 20న పదకొండేళ్ల కొడుకు విల్లీ శ్వేతసౌధంలోనే జ్వరంతో కన్నుమూశాడు. డిసెంబరులో ఫ్రెడెరిక్స్‌బర్గ్ దగ్గర ఆయన సేన ఘోరంగా ఓడింది. అదే నెల 23న ఆయన ఓ ఉత్తరం రాశాడు. యుద్ధంలో చనిపోయిన తన పాత మిత్రుడి కూతురు ఫానీ మెకల్లోకు. దిగమింగుకోమని గానీ ధైర్యంగా ఉండమని గానీ అందులో లేదు. ఈ బాధ పూర్తిగా తగ్గడానికి కాలం పట్టక తప్పదనీ, మళ్లీ సంతోషంగా ఉండగలనని ఇప్పుడు నమ్మలేకపోయినా ఆ రోజు తప్పక వస్తుందనీ, అది తనకు అనుభవంతో తెలుసనీ రాశాడు. కొడుకు పోయి అప్పటికి పది నెలలు దాటి మూడు రోజులే! ఓదార్పు అంటే ఇదీ అనిపిస్తుంది నాకు.

గడువు ఏడాది కదా అని అన్నింటికీ ఆగకూడదు. తిండీ నిద్రా కరువై మనిషి రోజురోజుకూ చిక్కిపోతున్నా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఆ రోజే సాయం వెతకాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ ఇందుకే ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ ఇంట్లో ఈ ఏడు కష్టంగా గడుస్తున్నవాళ్లుంటే ఆ నంబరు వాళ్ల ఫోనులో ఈ రోజే ఎక్కించండి.