టికెట్ల లెక్క – ప్రజల లెక్క

ఈమధ్య సాహిత్య సభల్లోనూ, కళాశాలల సెమినార్లలోనూ ఒక వాదం తరచు వినిపిస్తోంది. "కళ ప్రజల కోసం అంటారు మీరు. ఆ ప్రజలే లక్షల్లో వచ్చి చూసిన కళను మాత్రం వ్యాపారమని తీసిపారేస్తారు. పదిమంది చదవని కవిత్వానికి ప్రజాకవిత్వమని పేరు పెడతారు. ఇదెక్కడి న్యాయం?" అని. అడిగేవాళ్లలో వెక్కిరింతకు అడిగేవాళ్లూ ఉండొచ్చు. అంతమాత్రాన ప్రశ్న తేలికైపోదు. ప్రజల తీర్పు మీద నమ్మకం లేకపోతే అభ్యుదయ సాహిత్యానికి నిలబడే చోటే లేదు. కనక జనం ఇంతమంది వచ్చారని ఎవరైనా ఒక లెక్క చెప్పినప్పుడు దాన్ని ఎలా చదవాలో మనం తేల్చుకోవాలి. లోకంలో ఇప్పుడు అన్నిటికంటె పెద్దదిగా చెప్పుకుంటున్న లెక్కతోనే ఆ పని మొదలుపెడదాం.

లెక్కలో ఏముంది?

అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ 2023 మార్చి 17న అరిజోనాలోని గ్లెన్‌డేల్‌లో మొదలుపెట్టి 2024 డిసెంబరు 8న కెనడాలోని వాంకూవర్‌లో ముగించిన 'ఎరాస్' యాత్రలో 149 కచేరీలు చేసింది. యాత్ర ముగిశాక ఆమె సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం హాజరైనవారు 1,01,68,008 మంది. టికెట్ల మీద వచ్చిన డబ్బు 207,76,18,725 డాలర్లు. అంటే సగటున కచేరీకి 68 వేల పైచిలుకు జనం, టికెట్టు ఒక్కింటికి 204 డాలర్లు. ఈ పరిమాణం ఊహించుకోవడం మన తిరుపతివాళ్లకు కష్టమేమీ కాదు. మామూలు రోజుల్లో తిరుమలలో దర్శనం చేసుకునేవారు అరవై, డెబ్బై వేలమంది ఉంటారు. కొండ మీది ఒకరోజు రద్దీ, ఆమె ఒక రాత్రి సభ ఇంచుమించు సమానం.

తిరుమల లెక్క ప్రతిరోజూ పత్రికల్లో వస్తుంది. దర్శనం ఎంతమందికి అయింది, తలనీలాలు ఎంతమంది ఇచ్చారు, హుండీ ఎంత వచ్చింది అని మూడు అంకెలు పక్కపక్కన ఉంటాయి. వాటిని ఏళ్ల తరబడి చదువుతున్న మన ఊరి పాఠకుడు హుండీ అంకెను భక్తికి కొలతగా ఎన్నడూ పొరబడడు. నిన్నటికంటె ఇవాళ హుండీ తగ్గితే దేవుడి మీద నమ్మకం ఆమేరకు తగ్గిందని ఎవరూ అనరు. ఈ మాత్రం వివేకం కళల దగ్గరికి వచ్చేసరికి మనకెందుకు లోపిస్తోంది?

కచేరీ లెక్కలో డబ్బు, టికెట్లు, మనుషులు అనే మూడు వేరువేరు సంగతులు కలగాపులగమై ఉంటాయి. వీటిని విడదీసి చూడాలి.

ముందు డబ్బు. బ్రిటిష్ బృందం కోల్డ్‌ప్లే 2022లో మొదలుపెట్టిన యాత్రకు 2024 చివరికి అమ్ముడైన టికెట్లు కోటి దాటాయి. వచ్చిన డబ్బు నూరు కోట్ల డాలర్లు దాటింది. జనం ఇంచుమించు స్విఫ్ట్‌కు వచ్చినంతే, డబ్బు సగం. ఇంకో జంటను చూడండి. ఎడ్ షీరన్ 2017–19 యాత్రలో దాదాపు 89 లక్షల టికెట్లకు 77 కోట్ల చిల్లర డాలర్లు వచ్చాయి. 2018లో మొదలై 2023లో ముగిసిన ఎల్టన్ జాన్ వీడ్కోలు యాత్ర ఈ రికార్డును బద్దలు కొట్టిందన్నారు. ఆయనకు వచ్చింది దాదాపు 94 కోట్ల డాలర్లు. ఐతే టికెట్లు అరవై లక్షల ప్రాంతం మాత్రమే. జనం మూడోవంతు తగ్గినా రికార్డు బద్దలైంది! డబ్బు అంకెలో పెరుగుతున్నది అభిమానమో ధరో చెప్పకుండా 'రికార్డు' అనడం పాఠకుణ్ణి మోసం చేయడమే.

ధర ఎలా పెరుగుతుందో కూడా తెలుసుకోవాలి. 2024 ఆగస్టు 31న ఒయాసిస్ బృందం టికెట్లు అమ్మినప్పుడు, 148 పౌండ్ల టికెట్టు కోసం వరసలో కాచుకున్నవాళ్లకు తీరా వంతు వచ్చేసరికి అదే టికెట్టు 355 పౌండ్లయింది. గిరాకీని బట్టి ధర మార్చే పద్ధతి ఇది. కరువు ఏడాది గింజల వ్యాపారికి ఇది కొత్తేమీ కాదు. మన దేశంలో కోల్డ్‌ప్లే ముంబయి కచేరీలకు అదే ఏడాది సెప్టెంబరులో అమ్మిన టికెట్ల ధరలు 2,500 నుంచి 35,000 రూపాయల దాకా ఉన్నాయి. ఆ సంవత్సరం మన రాష్ట్రంలో ఉపాధిహామీ రోజుకూలి 300 రూపాయలు. అన్నిటికంటె చవక టికెట్టు ఎనిమిది రోజుల కూలికి పైమాట. ఇన్ని వేల టికెట్లు అమ్ముడయ్యాయనే అంకె లోపలికి వచ్చినవాళ్లను లెక్కపెడుతుంది. రాలేనివాళ్లకు అందులో గడి లేదు.

ఇక టికెట్లకూ మనుషులకూ ఉన్న తేడా. ఒకే అభిమాని మూడు రాత్రులు వెళితే అతను లెక్కలో ముగ్గురు. ఉచితంగా పంచిన పాసులుంటాయి. కొని, ఎక్కువకు మారు అమ్మిన టికెట్లుంటాయి. ఆ పై ధర వసూళ్ల లెక్కలోకి రాదు. 'సీట్లన్నీ అమ్ముడయ్యాయి' అన్న మాట కూడా ఎన్ని సీట్లు అమ్మకానికి పెట్టారన్నదాని మీద ఆధారపడుతుంది. మైదానంలో వేదిక ఎటు కట్టారన్నదాన్ని బట్టి సీట్ల సంఖ్య వేలల్లో మారుతుంది. పైగా ఈ లెక్కలను వ్యాపార పత్రికలకు పంపేది కచేరీ నిర్వాహకులే. స్విఫ్ట్ సంస్థ యాత్ర సాగినంత కాలం ఆ పత్రికలకు లెక్కలు పంపలేదు. అంటే దాదాపు రెండేళ్ల పాటు లోకమంతా రుజువులుగా ఉదహరించినవి అంచనాలే.

ఒక మైదానం, రెండు ఫలితాలు

మన దగ్గర ఇంత పెద్ద పాట కచేరీలు లేవు. మైదానాన్ని నింపే పని ఇక్కడ సినిమా చేస్తుంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తారకరామ క్రీడామైదానంలో 2015 జూన్ 13న 'బాహుబలి' పాటల విడుదల సభ జరిగింది. అదే మైదానంలో 2023 జూన్ 6న 'ఆదిపురుష్' సభ జరిగింది. కథానాయకుడు ఒక్కరే. రెండుసార్లూ మైదానం కిక్కిరిసింది. మొదటి చిత్రం దేశమంతటా ఆడింది. రెండోది జూన్ 16న విడుదలైన మొదటిరోజే 140 కోట్లు వసూలు చేసిందని నిర్మాతలు ప్రకటించారు. వారం తిరిగేసరికి ఉత్తరాది హాళ్లలో టికెట్టును 150 రూపాయలకు దించారు, ఆ తర్వాత 112కు. సభకు వచ్చిన జనం ఇంకా పుట్టని కృతి మీద తీర్పు చెప్పలేరు గదా. వాళ్లు వచ్చింది నటుణ్ణి చూడటానికి. మైదానం నిండడం తారకు సంబంధించిన వాస్తవం. కృతికి సంబంధించిన వాస్తవం హాల్లో, రెండో వారంలో తెలుస్తుంది. విమర్శకుడు వీటిని కలిపేయకూడదు.

అంకె దేన్ని దాస్తుందో చెప్పడానికి 'పుష్ప' చిత్రాల కంటె దగ్గరి ఉదాహరణ నాకు లేదు. 2024 డిసెంబరులో వచ్చిన రెండో భాగం 1,800 కోట్లు దాటిందని నిర్మాతలు ప్రకటించారు. మా బడి పిల్లలు ఆ వసూళ్లను ఎక్కాల్లాగ అప్పజెబుతారు. కాని ఇక్కడి పాఠకుడు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. తెరమీద చిరకాలంగా హాస్యగాడికో ప్రతినాయకుడికో ఇస్తూ వచ్చిన సీమ యాసల్లో ఒకటైన మన చిత్తూరు మాట కథానాయకుడి నోటికి వచ్చింది. మనవాళ్లు ఆ సినిమాను సొంతం చేసుకోవడంలో దీని పాత్ర ఎంత? ఎర్రచందనం నరికే కూలి, ఒక మొనగాడి ఎదుగుదల కథలో ఎక్కడ కనుమరుగయ్యాడు? 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులకు 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. అదీ ఒక అంకే. వసూళ్ల పోస్టరు ఈ రెండు ప్రశ్నల్లో దేనికీ జవాబివ్వదు. ఇవ్వవలసింది మనం.

హాజరు లెక్క ప్రాణాల లెక్క కూడా. 2023 సెప్టెంబరు 10న చెన్నై శివార్లలో ఎ.ఆర్. రెహమాన్ కచేరీకి టికెట్టు కొన్నవాళ్లెందరో లోపలికి వెళ్లలేక వెనుదిరిగారు. టికెట్ల నకళ్లు పంపమని రెహమాన్ వాళ్లను కోరవలసి వచ్చింది. 2025 జనవరి 8న మన తిరుపతిలోనే వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం ఎదురుచూస్తూ తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. తొలి మూడురోజులకు ఇవ్వదలచిన టోకెన్లు 1,20,000. అదే సంవత్సరం సెప్టెంబరు 27న కరూరులో సినీనటుడు విజయ్ సభకు పదివేలమందికి అనుమతి అడిగారు. 27 వేలమంది దాకా వచ్చారని పోలీసు అధికారులు చెప్పారు. మరణించినవారు 41 మంది. గొప్ప చెప్పుకోవడానికి జనాన్ని పెంచి చూపుతారు, అనుమతి కోసం తగ్గించి చూపుతారు. నీళ్లకూ, దారికీ, గాలికీ కావలసిన సరైన లెక్క మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. జనాన్ని సంఖ్యగా మాత్రమే చూసే అలవాటుకు చెల్లించే మూల్యం ఇది.

టికెట్టు లేని జనం

మన చిత్తూరు పల్లెల్లో వేసవిలో భారతం జరుగుతుంది. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బకాసురుడి బండి ఊరంతా తిరుగుతుంది. అర్జునుడు తపస్సు మాను ఎక్కేరోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదలివస్తాయి. చివరిరోజు మట్టితో చేసిన దుర్యోధనుడు కూలాక అగ్నిగుండం తొక్కుతారు. దీనికి టికెట్టు లేదు, లెక్క లేదు. మరునాడు పత్రికలో 'వేలాదిగా' అన్న ఒక్క మాట పడుతుంది. ఐనా ప్రజాదరణ ఉందో లేదో ఊళ్లో అందరికీ తెలుసు. ఇంటింటి చందాతో మేళానికి కూలి ముడుతుంది. నటుడు పద్యం తప్పితే ముందు వరసలోని ముసలాయన అందిస్తాడు. రాత్రి చూసిన పిల్లలు పొద్దున్నే కట్టెముక్క గదలు పట్టుకుంటారు. భారతంలో కులాల ఎచ్చుతగ్గులూ, పెద్దమనుషుల పెత్తనాలూ లేవని నేననడం లేదు. ఐతే అక్కడ చూసేవాడికి, ఆడేవాడికి మధ్య గోడ పలచగా ఉంటుంది. ఆ సంగతి ఏ టికెట్టు పుస్తకంలోనూ నమోదు కాదు.

ఈ సంబంధం మన పల్లెలకే పరిమితమనుకోవడం పొరపాటు. 2024 జులై చివర జర్మనీలోని మ్యూనిక్‌లో స్విఫ్ట్ పాడినప్పుడు, టికెట్టు లేని వేలమంది స్టేడియం పక్కనున్న గుట్ట మీద కూర్చుని విన్నారు, తామూ పాడారు. హాజరైనవారి అంకెలో ఆ గుట్ట లేదు. కళను ప్రేమించడంలో వాళ్లు లోపలివాళ్లకు ఏం తీసిపోయారు? పాటను కొన్న అమ్మాయిని చూసి నవ్వే హక్కు మనకు లేదు. ఆ పాటలో తన బతుకు ఏదో ఆమెకు దొరికింది. ఏం దొరికిందని అడగడం విమర్శ. ఎంతకు కొన్నదని అడిగి ఊరుకోవడం వ్యాపారం.

మన లెక్కలు

మనం కూడా లెక్కలు చెబుతాం. 1947 నాటి 'మా భూమి' నాటకాన్ని ప్రజానాట్యమండలి దళాలు ఎన్ని ఆడాయో, ఎన్ని ప్రదర్శనలు పడ్డాయో గర్వంగా చెప్పుకుంటాం. ఆ లెక్కకూ వసూళ్ల లెక్కకూ తేడా ఏమిటని విద్యార్థి అడిగితే ఏమని చెప్పాలి? సంకోచం లేకుండా చెప్పొచ్చు. అది కొన్నవాళ్ల లెక్క కాదు, తిరిగి ఆడినవాళ్ల లెక్క. ప్రేక్షకుల్లోంచి కొత్త నటులు పుట్టిన లెక్క. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది 1950లో. అందులోని గేయాలు చాలావరకు 1930లలో రాసినవి, పుస్తకం రాకముందే నోళ్లలో నలిగినవి. అమ్మకాల లెక్క మొదలుకాక ముందే ఆ కావ్యానికి పాఠకులున్నారు.

ఐతే ఇదే గీటురాయి మనకూ పెట్టుకోవాలి. ఒక నవల పది ముద్రణలు పొందిందని పరిశోధనా వ్యాసంలో రాసి ప్రజాదరణ రుజువైందనుకుంటే అది నిర్మాతల పోస్టరుకు అన్నగారే. ఆ ముద్రణల్లో గ్రంథాలయాలు కొన్నవెన్ని, పాఠ్యగ్రంథంగా పెట్టినందువల్ల అమ్ముడైనవెన్ని, చదివి మరొకరి చేతికిచ్చినవెన్ని? అలాగే మూడువందల ప్రతులు కూడా అమ్ముడుపోని కవితా సంపుటిని 'ప్రజలకింకా అర్థం కాలేదు' అని సమర్థించుకోవడమూ తప్పే. జనం రాకపోవడం గొప్పతనానికి గుర్తు కాదు. అది కూడా చదవవలసిన లెక్కే.

ఏ అంకె ఎదురైనా విద్యార్థులు నాలుగు ప్రశ్నలు వేయాలని నా సూచన. ఈ లెక్క చెప్పింది ఎవరు? అది కొలిచింది డబ్బునా, టికెట్లనా, మనుషులనా? లోపలికి రాలేనివాళ్లు ఎవరు? విన్నవాళ్లు ఆ తర్వాత ఏం చేశారు? మొదటి మూడింటికి జవాబు కాగితాల్లో దొరకొచ్చు. నాలుగోదానికి మాత్రం జనంలోకి వెళ్లాలి. వాళ్లేం పాడుకుంటున్నారో, ఏ మాటను తమదిగా వాడుకుంటున్నారో చెవినిడి వినాలి.