'లాంకీ' - 'ఆజానుబాహువు' : అర్థభేదం

పొడవైన కాళ్లుచేతులను సూచించే ఆంగ్లవిశేషణం 'లాంకీ'. ప్రాచీనాంగ్లంలో బక్కపలుచదనాన్ని తెలిపే 'హ్లాంక్' దీనికి మూలం. పొడవుతోపాటు పొందికలేమి ఇందులో ధ్వనిస్తుంది.

తెలుగులో దీనికి 'ఆజానుబాహువు' సాటిరాదు. ఇందలి 'ఆ' అవధ్యర్థకం. మోకాళ్లవరకు గల బాహువులు కలవాడని బహువ్రీహి. బాలకాండ ప్రథమసర్గలో నారదుడు శ్రీరాముని ఈ పదంతోనే వర్ణించాడు. వంగకుండానే చేతులు మోకాళ్లనంటడం బౌద్ధుల 32 మహాపురుషలక్షణాలలో ఒకటి.

నేటి వ్యవహారంలో బాహువులు మరుగునపడి, ఈ పదానికి 'పొడగరి' అనే అర్థమే మిగిలింది. సందిగ్ధతకు మూలమిదే. పొడవు రెండింటికీ సమానమే. ఒకటి ప్రశంస, మరొకటి ఎత్తిపొడుపు. కనుక నిఘంటువులో 'లాంకీ'కి 'బారుకాళ్లు, బారుచేతుల బక్కమనిషి' అనే వివరణమే సముచితం.