ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నలుపే!

గల్ఫ్‌లో మన క్యాంపుల్లో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఎక్కువమంది ఊళ్లో చదువుకునే పిల్లల కోసమే. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ విడివిడిగా తెచ్చి రూములో బిగిస్తారు. స్విచ్ వేస్తే ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది, మానిటర్ మీద ఏమీ రాదు. షాపుకు వెళితే ఒకటే మాట: 'బోర్డు పోయింది, ఇంకోటి కొను'.

షార్జాలో మా రూములో ఉండే జగిత్యాల తమ్ముడికి ఇదే జరిగింది. కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. సెలవు మీద వెళ్లేటప్పుడు తీసుకెళ్దామని 200 దిర్హమ్‌లు పెట్టి పాత సెట్టు తెచ్చాడు. "అన్నా, బోర్డు ఖతమట. ఇంకో 120 అడుగుతుండు" అన్నాడు. "ఆగు తమ్మీ, ముందు విప్పి చూద్దాం" అన్నాను. సైటులో ఒక లైటు వెలగకపోతే గోడ పగలగొడతామా? డీబీ నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ వస్తాం. ఇదీ అంతే.

మొదట మానిటర్‌ను, కేబుల్‌ను వేరే సిస్టమ్‌కు పెట్టి చూడాలి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి. కార్డు లేదంటే ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర 'ఎఫ్' అక్షరం ఉంటే అది ఉండదు, ఎంత మంచి బోర్డయినా తెర నల్లగానే ఉంటుంది. అమ్మేవాళ్లు ఇది చెప్పరు.

24 పిన్నుల పెద్ద కనెక్టర్ అందరూ పెడతారు. ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నులది మరిచిపోతారు. చాలా బోర్డుల్లో అది లేకున్నా ఫ్యాన్ తిరుగుతుంది, అందుకే మోసపోతాం. పాత ఎస్‌ఎంపీఎస్ వెనక 115/230 అని ఎర్ర స్విచ్ ఉంటే 230 మీదే ఉంచండి. 115 మీద ఉంచి ఇక్కడి ప్లగ్‌లో పెడితే కాలిపోతుంది.

తమ్ముడి బోర్డులో ఇవన్నీ బాగానే ఉన్నాయి. ప్లగ్ పీకేసి హార్డ్ డిస్కు కూడా తీసేశాం. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ మాత్రం ఉంచాం. ర్యామ్ బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది దులిపాం. ఇక్కడి దుమ్ము సంగతి మీకు తెలిసిందే కదా. మొదటి స్లాటులో పెడితే నలుపే. మళ్లీ ప్లగ్ పీకి, రెండో స్లాటులో 'టక్' అనేదాకా నొక్కాం. ఈసారి మానిటర్ మీద అక్షరాలు వచ్చాయి. తమ్ముడి ముఖం చూడాలి! పోయింది ఒక్క స్లాటే. 120 దిర్హమ్‌లు జేబులోనే మిగిలాయి.

అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసి, సీఆర్ 2032 బటన్ బ్యాటరీని 5 నిమిషాలు బయట పెట్టి మళ్లీ వేయండి. బోర్డుకు చిన్న స్పీకర్ తగిలించి, ర్యామ్ లేకుండా ఆన్ చేయండి. బీప్ వచ్చిందంటే బోర్డు, ప్రాసెసర్ బతికే ఉన్నట్టు. సాకెట్‌లో పిన్నులు వంగినా, కెపాసిటర్ల నెత్తి ఉబ్బినా మాత్రం రూములో కుస్తీ పట్టకండి, వెనక్కి ఇచ్చేయండి. అందుకే డబ్బులిచ్చే ముందు టార్చి లైటుతో ఈ రెండూ చూసి, డిస్‌ప్లే చూపించమని అడగండి.

కార్గోలో పంపేవాళ్లు ర్యామ్‌ను, బరువైన కూలర్‌ను విప్పి విడిగా ప్యాక్ చేయండి. బిగించి పంపితే కుదుపులకు కదిలిపోతాయి. ఊళ్లో పెట్టె విప్పాక మళ్లీ తెర నల్లగా కనిపిస్తే, ముందు ర్యామ్ తీసి పెట్టమని పిల్లలకు ఫోన్‌లో చెప్పండి.