వాడిన హైబ్రిడ్ కారు కొనుటకు ముందు

నిజామాబాదులో చౌకగా దొరకినదని వాడిన హైబ్రిడ్ కారును నాందేడునకు తెచ్చుకొనదలచిన తల్లిదండ్రులకు మేము రెండు సంగతులు విన్నవింతుము. ఇంటి కరెంటుతో ఛార్జి చేయు హైబ్రిడ్లు మన దేశమున అరుదు. దొరకునవి చాలవరకు నడకలోనే ఇంజను వలనను, బ్రేకు వలనను ఛార్జి అగునవి. 2022లో వెలువడిన టొయోటా హైరైడరు హైబ్రిడ్ బ్యాటరీకి హామీ 8 సంవత్సరములు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన అది. మిగిలిన గడువును, సర్వీసు పుస్తకమును చూడక రంగు మెరుపునకే బేరమాడుట మనలో కలదు!

ఇక కాగితములు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి, పరరాష్ట్రపు బండి ఇచట 12 నెలలు మించి ఉన్నచో ఎం.హెచ్.26 నంబరు పొందవలెను. అందులకు అచటి ఆర్.టి.ఓ. ఇచ్చు ఎన్.ఓ.సి. కావలెను, బండిపై అప్పున్నచో బ్యాంకు అనుమతి లేక అది లభింపదు. మహారాష్ట్ర పన్ను వేరు. దానిని బేరమునందే తగ్గించుకొనవలెను. ఎన్.ఓ.సి. చేతికందు వరకు పూర్తి పైకము ఇయ్యకుడు.