మూడు పులులు... పదిహేను మేకలు!

బల్ల మీద ఓ చిట్టడవి. అట్టముక్కల కొండ, స్పాంజి చెట్లు. వాటి మధ్య చిటికెన వేలంత కూడా లేని సైనికులు... ఎత్తు 28 మిల్లీమీటర్లు! పాచికలు గలగలమంటాయి. టేపుతో దూరం కొలుస్తారు. ఎర్రకోటు సిపాయి ఒకడు పడిపోతాడు. బ్రిటన్‌, అమెరికాల్లో పెద్దవాళ్లు సెలవు రోజంతా ఆడుకునే యుద్ధమిది. రచయిత హెచ్‌.జి.వెల్స్‌ 1913లోనే 'లిటిల్‌ వార్స్‌' పేరుతో ఇలాంటి ఆటకు నియమాలు రాశాడు.

వలస కాలపు అడవి పోరాటాలంటే ఈ ఆటగాళ్లలో చాలామందికి మహా మోజు. వాటిలో రెండు పక్షాలూ సమానం కావు మరి. 1755 జులై 9న అమెరికాలో మొనాంగహేలా నది దగ్గర బ్రిటిష్‌ జనరల్‌ బ్రాడక్‌ వెంట దాదాపు 1300 మంది ఉన్నారు. ఎదురుపడ్డ ఫ్రెంచివారు, ఆదివాసులు అంతకంటే తక్కువే. కానీ వాళ్లు చెట్ల చాటున ఉన్నారు. వీళ్లు బారులు తీరి నిలబడ్డారు. కొన్ని గంటల్లోనే బ్రిటిష్‌ సేనలో సగానికి పైగా చనిపోవడమో, గాయపడటమో జరిగింది.

సమానం కాని పోరు మనకు మాత్రం కొత్తా? అరుగు మీద సుద్దముక్కతో గీసుకునే పులి-మేక అదే కదా! మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి చంపుతుంది. మేకకు ఆ హక్కు లేదు. పక్కపక్కన నిలబడి పులికి కదిలే చోటు లేకుండా చేయడమొక్కటే దాని దారి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం 1946 నుంచి 1951 దాకా ఆ దారిని నిజంగానే చూసింది. దొరల మనుషులకు, రజాకార్లకు తుపాకులు. సంఘం వాళ్లకు మొదట్లో గుతుపలు, వడిసెలలు, కారప్పొడి. అయితే పడిపోయిన మేకను తీసి మళ్లీ ఆటలో పెట్టడం ఇక్కడ కుదరలేదు. 1946 జులై 4న నాటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు.

బల్ల మీద పరచదగ్గ మరో ఘట్టమూ ఇక్కడిదే. 1948 సెప్టెంబరు 13న బెజవాడ వైపు నుంచి భారత సైన్యం కోదాడ చేరింది. ఆ తర్వాత సూర్యాపేట. వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం మూసీ వంతెన పేల్చేసింది. కానీ అక్కడ కాల్పులు జరపడానికి ఎవర్నీ ఉంచలేదు! భారత సైనికులు త్వరగానే బాగుచేసుకుని దాటేశారు.

ఈ నేల కథను ఎవరైనా ఆటగా మలచాలనుకుంటే ముందు వడిసెల పట్టిన ఆడమనిషి బొమ్మ చేసుకోవాలి. రాయి ఎంత దూరం పోతుందో లెక్క మాత్రం జొన్నచేలో పిట్టల్ని తోలినవాళ్లనే అడగాలి.