ప్రాజెక్టు రిపోర్టునకు గ్రంథసూచిక

వృత్తివిద్య నభ్యసించు బాలబాలికలకు గ్రంథసూచికతో నేమి పనియని తలిదండ్రులు కొందరడుగుచుందురు. లాడ్‌బజారు లక్కగాజులనుగూర్చి ప్రాజెక్టు రిపోర్టు వ్రాయు విద్యార్థి నొకని తలంచుకొనుడు. అతడు కొంత పుస్తకములనుండియు, కొంత ఇంటర్నెట్టునుండియు, కొంత పనివారి నోటినుండియు గ్రహించును. నెల గడచునప్పటికి ఏ మాట యెచ్చటిదో అతనికే తెలియదు. పరుల మాట తన మాటగా నిలిచిపోవును. ఎరిగి చేసినను ఎరుగక చేసినను పరీక్షకుడు దానిని చౌర్యమనియే యెంచును.

ఈ చిక్కు బాపుటకు జొటేరో యను సాఫ్టువేరు గలదు. 2006వ సంవత్సరమున అమెరికాలోని జార్జి మేసన్ విశ్వవిద్యాలయపు చరిత్రకారులు దీనిని వెలువరించిరి. దీనికి వెల లేదు. పుస్తకముపై నుండు ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య నిచ్చిన, గ్రంథకర్త పేరు, ప్రచురణ సంవత్సరము మున్నగునవి సాధారణముగా తానే తెచ్చి నింపుకొనును. రిపోర్టు వ్రాయుచు వలసినచోట మీట నొక్కిన సూచన చేరును. కడపటి పట్టికయు తనంతట సిద్ధమగును.

అయినను మొదటి వారము నేను కంప్యూటరును తెరువనీయను. చీటీలపై చేతితో వ్రాయింతును. ఏలయన, 1891లో ఆసఫియా పేర వెలసి, ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో నున్న గ్రంథాలయమువంటి చోట్ల దొరకు పాతపుస్తకములకు ఆ సంఖ్యయే యుండదు. ముఖపత్రమును చదివి వివరములన్నియు మనమే నింపవలెను.

అన్నిటికంటె పేర్లే పిల్లలను తికమకపెట్టును. జొటేరోలో ఇంటిపేరున కొక గడి, సొంతపేరున కొక గడి యున్నవి. చివరి పదమే ఇంటిపేరని ఆ యంత్రము తలంచును. పాశ్చాత్యుల వాడుక యది! 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కర్తయగు సురవరము ప్రతాపరెడ్డిగారు ‘స’కారమున నుండవలసినది ‘ప’కారమునకు జారిపోవుదురు. కావున ‘సురవరము’ను ఇంటిపేరు గడిలోనికి చేతితో మార్పవలెను. 1927లో దక్కను కట్టడములపై ఆంగ్లమున గ్రంథము వెలువరించిన సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీగారి విషయమున మాత్రము యంత్రపు టూహ సరిపోవును. పాతబస్తీలో ఇంటిపేరే లేనివారు పలువురు. వారికొరకు రెండు గడులను కలిపి ఒకటిగా చేయు వీలున్నది.

ముసలి పనివాడు చెప్పినది పుస్తకమున లేదు గనుక దానికి సూచన యక్కరలేదని పిల్లలనుకొందురు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ గాజులనుగూర్చి, బొగ్గుల సెగపై లక్క యెప్పుడు మెత్తబడునో, ఎప్పుడు రాళ్లు పొదుగవలెనో పుస్తకములకంటె అతనికే బాగుగ తెలియును. జొటేరోలో ‘ఇంటర్వ్యూ’ యను పద్దు ఇట్టివారికొరకే యున్నది. అతని యనుమతి పొంది, పేరును, మాటలాడిన తేదీని అందు వ్రాసిన, ఉస్తాదు పేరు గ్రంథకర్తల పేర్ల సరసననే అచ్చగును.