తూర్పారబట్టే గోదారి

అమ్మడూ, నిన్న అడిగావు చూడు, "గోదారి పక్కనే ఉంటే ఇక్కడ కరువెందుకొచ్చింది తాతయ్యా?" అని. అడగవలసిన ప్రశ్నే. మన వైపు వాన మరీ తక్కువేం కాదు, ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. కానీ ఏ నాలుగైదు నెలల్లోనో కురిసేసి చక్కా పోతుంది. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, అదీ మొహం చాటేసింది. ఇక్కడా కరువే, గుంటూరు సీమలోనైతే ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి.

అప్పుడూ గోదారి సముద్రంలోకి పోతూనే ఉంది. అయితే వరద తీశాక అది గట్ల నడుమ లోతున పారుతుంది. ఏతం వేసి ఎన్నెకరాలు తడుపుతావు చెప్పు?

నువ్వు కళ్లంలో చూశావు కదా, గాలికి తూర్పారబడితే గింజ దగ్గర పడుతుంది, తాలు దూరంగా ఎగిరిపోతుంది. వరదొచ్చినప్పుడు గోదారి చేసేదీ అదే. గట్టు దాటగానే నీటి వేగం తగ్గి బరువైన ఇసక అక్కడే దిగిపోతుంది, మెత్తటి ఒండ్రు దూరాన పల్లంలో పేరుకుంటుంది. వేల ఏళ్లు ఇలా జరిగాక నది ఒడ్డే మెరక, దూరం పోయేకొద్దీ పల్లం. గండి పడితే ఊళ్లు మునిగేది ఇందుకే.

ఆ వాలునే ఇంజనీరు ఆర్థర్ కాటన్ దొర పనికి పెట్టుకున్నాడు. డెల్టా మొదలయ్యే ధవళేశ్వరం దగ్గర నీటిని కాస్త పైకి లేపి, మెరక మీదుగా కాలువలు తవ్వితే చాలు, చేలకు నీళ్లు వాటంతటవే దిగుతాయి. ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఎత్తు పన్నెండు అడుగులే! నీళ్లు నిలవ చెయ్యడానికి కాదు మరి, మట్టం లేపడానికి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, నడుమ లంకలు. ఇసకలో పునాది వేసే కిటుకు కావేరి మీది కల్లణై చూసి నేర్చుకున్నాడట. ఆ కల్లణై కట్టినవాళ్లు మన పాతకాలపు వాళ్లే. ఆనకట్ట పనిలో కాటన్ పక్కన నిలబడిన వీణెం వీరన్నగారినీ మరవకూడదు.

ఆ ఆనకట్ట చోట ఇప్పుడున్నది 175 గేట్ల బ్యారేజీ. దాని కింద పది లక్షల ఎకరాలు. వానాకాలపు సార్వాకు సరే, వేసవి దాకా సాగే దాళ్వాకు గోదారిలో నీరేది? ఎక్కడో మన్యంలో సీలేరు దగ్గర కరెంటు చక్రాలు తిప్పి వదిలిన నీళ్లు మన మడిలోకి వస్తాయి. ఇంట్లో నువ్వు దీపం వేస్తే చేలో వరి తాగినట్టే, కొంచెం అటూ ఇటుగా.

అసలు తంటా నీళ్లు రావడంతో కాదు, పోవడంతో. మెరకన కాలువ నీళ్లు తెస్తే పల్లాన మురుగు కాలువ వాటిని తీసుకుపోవాలి. అది పూడితే శివారు చేలు మునుగుతాయి. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యం అని పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదన్నారు, కూలి ఖర్చు పెరిగిందన్నారు, ముంపు మాటా ఎత్తారు. నీళ్ల నడుమ ఉండి నాగలి దించేశారు, చూడు!

రేపు పొద్దున్నే మురుగు కాలువ గట్టు మీదికి పోదాం. నీటికి అడ్డుపడే గుర్రపుడెక్క ఎంత దూరం అల్లుకుందో అడుగులతో కొలుద్దువుగాని. చెప్పులు వేసుకురా, పల్లేరుకాయలుంటాయి.